ఆషాఢంలో ముగ్గు పోసిన బాటనీ మేడం

శనివారం నేను చేసిన ఘనకార్యం మీ దాకా ఇంకా రాలేదా? నాచారంలో మా సందులో కూరగాయల బండి అతనికి కూడా తెలిసిపోయింది, మన స్టాఫ్‌రూమ్‌లో మీకు తెలియకపోవడమేంటి! సరే, టీ పోసుకోండి. ముందే చెప్పేస్తున్నా. ఒక బస్సు నిండా ఎకాలజీ వాళ్ళని ఎక్కించుకెళ్ళి బోడుప్పల్‌లో ఒక ఉత్త మట్టి జాగా ముందు దింపాను. మైకు పట్టుకుని మరీ దింపాను. ఆ జాగా గురువారం దాకా పచ్చగా కళకళలాడుతూనే ఉంది. దాన్ని అలా చేసిందెవరో వినండి.

ఈ ఏడాది మన ఊళ్ళో జీవవైవిధ్యం సీజన్ నడుస్తోంది కదా. అక్టోబర్‌లో దేశదేశాల వాళ్ళు వచ్చే పెద్ద సదస్సు. దానికి ముందు ప్రతి కాలేజీ, ప్రతి సంస్థా ఒక వర్క్‌షాప్ పెట్టేస్తోంది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఫంక్షన్ హాళ్ళు దొరకనట్టు ఇప్పుడు సెమినార్ హాళ్ళు దొరకడం లేదు. నాకు సెమినార్లు కొత్తేం కాదు, ఏళ్ళ తరబడి వెళ్తున్నా. ఎందుకు? బొకేలు అందించడానికి. జ్యోతి వెలిగించే చోట అగ్గిపెట్టె పట్టుకుని నిలబడటానికి. కాంట్రాక్ట్ లెక్చరర్‌ని కదా, చీర బాగుంటే స్టేజీ మీద డ్యూటీ, లేకపోతే భోజనాల కూపన్ల దగ్గర.

అలాంటిది ఈసారి ఉప్పల్‌లో జరిగిన వర్క్‌షాప్ బ్రోచర్లో నా పేరు అచ్చయింది! మొదటిరోజు ఉపన్యాసాలు, రెండోరోజు పొద్దున్న ఫీల్డ్ విజిట్. ఆ ఫీల్డ్ నాది. నేను ఏడాదిగా చూస్తున్న ఖాళీ ప్లాటు. బ్రోచర్ చూడగానే నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు గ్యాస్ లీకయిందేమో అని తలుపు కొట్టారు. మా ఆయన శ్రీశైలం ఒక కాపీ పట్టుకెళ్ళి మల్లాపూర్‌లో తన ఫ్యాక్టరీ నోటీస్ బోర్డు మీద అంటించి వచ్చారు. అక్కడ లేత్ మిషన్ల వాళ్ళకి నా కలుపుమొక్కలతో ఏం పని అని అడిగితే, ఉండనీ అన్నారు.

అసలు సంగతి బ్రోచర్ కాదు. బెంగళూరు నుంచి వచ్చే ప్రొఫెసర్ మేడం. మన అనంతపురం ఆవిడే. ఆవిడ దగ్గర పీహెచ్‌డీ సీటు ఒకటి ఖాళీగా ఉంది. నేను మెయిల్ పెడితే, "మీ ప్లాటు చూశాక మాట్లాడదాం" అని జవాబిచ్చారు. అంటే నా పీహెచ్‌డీ మొత్తం బోడుప్పల్‌లోని ఆ ప్లాటు మీద ఆధారపడి ఉంది. పీహెచ్‌డీ వస్తే ఈ బొకేల ఉద్యోగం నుంచి బయటపడతాను. రాకపోతే మళ్ళీ అగ్గిపెట్టె.

ప్లాటు గురించి చెప్పాలి. ఓనరు మహబూబ్‌నగర్‌లో ఉంటాడు, ఎప్పుడో కానీ రాడు. పక్కింటి సత్తెమ్మ దాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడనే అడిగాను, గడ్డి చూసుకుంటానమ్మా అని. చూస్కో బిడ్డా, చూస్తే ఏం పోతది అంది. అప్పట్నుంచి నేను ఆవిడకి ఆకుల మేడంని. తుమ్మి, ఉత్తరేణి, పల్లేరు, గునుగు, జిల్లేడు, జిల్లేడు మీద సీతాకోకచిలుక పురుగులు. మనం చెత్త అనుకుంటాం గానీ అది ఒక ఊరండీ! అన్నిటికన్నా గొప్పది ఒక బుల్లి ఫెర్న్. వానలు పడ్డాక కొద్ది రోజులే కనిపిస్తుంది. ఒక్కటే ఆకు, మధ్యలోంచి సన్నగా నాలుక చాపినట్టు ఒక కాడ. దాని ఫోటో చూసే ప్రొఫెసర్ మేడం ఫీల్డ్ విజిట్‌కి ఒప్పుకున్నారు.

ఇలాంటి చోట మొక్కల్ని లెక్కపెట్టాలంటే నేల మీద గడులు గీయాలి. ఒక్కో గడిలో ఏ మొక్కలు ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. మామూలుగా దారం కడతాను. మేకలు ఆ దారాన్ని కూడా మేసేస్తాయి. వచ్చేది పెద్దవాళ్ళాయె, గడులు దూరం నుంచే కనబడాలి. గురువారం సాయంత్రం కాలేజీ అవగానే నాకో బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. సున్నం పొడి! ఒక సంచీడు కొని, మా ఆయన బండి మీద ఇద్దరం వెళ్ళాం. ప్లాటు చుట్టూ తెల్లటి గీత. లోపల నాలుగు భాగాలు, మధ్యలో నడవడానికి దారులు. మూలమూలకీ కర్రమేకులు, వాటికి ఎర్రగుడ్డ పీలికలు. మా ఆయన ఫ్యాక్టరీ మనిషి కదా, టేపు పెట్టి మరీ కొలిచి గీతలు తిన్నగా కొట్టారు. అంత అందంగా ఏ రీసెర్చ్ ప్లాటూ ఉండదు, నిజంగా.

అంతా అయ్యాక మా ఆయన బండి డిక్కీలోంచి కొబ్బరికాయ తీశారు. ఆయనకదో అలవాటు. మిక్సీ కొంటే కాయ, గ్యాస్ పొయ్యి మారిస్తే కాయ. నేను మొహమాటపడ్డాను.

"ఇది సైన్సు అండీ. పైగా ఆషాఢం."

"గడ్డికి ముహూర్తమేంది వాసంతీ? నీ పీహెచ్‌డీకి కొడుతున్న. ఈశాన్యం మూలకు కొడదాం, మంచిగైతది."

పీహెచ్‌డీ అనేసరికి నా సైన్సు నోరు మూసుకుంది. ఈశాన్యం మూల ఒక రాయి పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నా చేత్తోనే కాయ కొట్టాను. చక్కగా రెండు చెక్కలయింది. పువ్వు కూడా వచ్చింది! ఇక సీటు నాదే అనుకున్నా.

ఎదురింటి బాల్కనీలోంచి ఒకాయన ఇదంతా చూస్తున్నాడు. పని ఎప్పుడు మొదలని అడిగాడు. మంచి హుషారులో ఉన్నానేమో, శనివారం పొద్దున్నే అండీ, బస్సులో చాలామంది వస్తున్నారు అని చెప్పి, చెయ్యి కూడా ఊపాను. ఆయన ఊపలేదు. అప్పుడైనా నాకు వెలగొద్దూ!

సత్తెమ్మ ఉండి ఉంటే ఆవిడే సర్దిచెప్పేది. కూతురింట్లో బోనాలని ఆవిడ సికింద్రాబాద్ వెళ్ళింది.

శుక్రవారం నేను వేరే లోకంలో ఉన్నాను. నాకు బొకే ఇచ్చారండీ! ఇచ్చిన అమ్మాయిని పక్కకి పిలిచి, కూపన్ తీసుకున్నావా, భోంచేశావా అని అడిగాను. ప్రొఫెసర్ మేడం టీ దగ్గర నాతో మాట్లాడుతూ, రేపు మీ ఫెర్న్ చూడాలని ఉంది అన్నారు. రాత్రంతా అద్దం ముందు ఇంగ్లీషులో ప్రాక్టీస్ చేశాను.

శనివారం. ఉప్పల్ నుంచి బస్సు బయల్దేరింది. అందరికీ టోపీలు, మెడలో బ్యాడ్జీలు, కెమెరాలు, భూతద్దాలు. ముందు సీట్లో ప్రొఫెసర్ మేడం. నేను మైకు పట్టుకున్నాను. పట్టుకుంటే వదుల్తానా? బోడుప్పల్ ఒకప్పుడు పల్లె అనీ, ఇప్పుడు ఎటు చూసినా ప్లాట్లూ అపార్ట్‌మెంట్లే అనీ, వాటి మధ్య నా ప్లాటు ఎలా బతికి బట్టకట్టిందో చెప్పాను. చివరికి ఇంగ్లీషులో, "ఫ్రెండ్స్, ఇప్పుడు మీ ఎడమవైపు చూడండి" అన్నాను.

అందరూ ఎడమవైపు చూశారు. నేను కూడా చూశాను.

ఎర్రమట్టి. గోడకి గోడకి మధ్య చదునుగా, క్యారమ్ బోర్డులా ఎర్రమట్టి. చుట్టూ పాతిన రాతి కడీలు, వాటికి ముళ్ళతీగ. మూలన జేసీబీ. ముందు వరసలో ఒక బోర్డు, ఈ స్థలం ఫలానా వారిది, లోపలికి వస్తే శిక్షార్హులని. గడ్డిపరక లేదు. మొదట సందు తప్పామనుకుని డ్రైవర్ని వెనక్కి తిప్పమన్నాను. అప్పుడు కనిపించింది ఈశాన్యం మూల, మట్టిలో సగం కూరుకుపోయి, నా కొబ్బరిచిప్ప.

మైకు ఇంకా ఆన్‌లో ఉందని కూడా తెలియలేదు. నేను "అయ్యయ్యో, నా ఫెర్నూ" అనడం బస్సంతా విన్నది.

దిగేసరికి కడీల లోపల్నుంచి పదిమంది దాకా లేచి వచ్చారు. ముందు ఒక పెద్దాయన, తెల్ల చొక్కా, చేతిలో కాగితాల కట్ట. ఆయనే ఓనరు, జంగయ్య సారు. రిటైరయిన టీచరట. రాత్రికి రాత్రి మహబూబ్‌నగర్ నుంచి బంధువులందర్నీ వేసుకుని వచ్చాడు. బస్సులోంచి టోపీలు పెట్టుకున్న జనం దిగుతూనే ఉన్నారు, ఆయన మొహం పాలిపోతూనే ఉంది.

"మొన్న ముగ్గు పోసిన్రు. ఇయ్యాల బస్సుల మందినే తోలుకొచ్చిన్రా? నా ప్లాటు నేను పానం బోయినా ఇడువ."

అప్పుడు వెలిగింది నాకు. బోడుప్పల్‌లో ఖాళీ ప్లాటులో సున్నంతో గీతలు కొట్టి, ఎర్రగుడ్డ మేకులు పాతి, ఈశాన్యంలో కాయ కొట్టారంటే అర్థం ఏంటి? ఇల్లు మొదలెట్టారని! ఓనరుకి తెలియకుండా మొదలెట్టారంటే? కబ్జా! బాల్కనీ ఆయన గురువారం రాత్రే ఓనరుకి ఫోన్ చేసి, శనివారం బస్సులో మనుషుల్ని దింపుతున్నారని కూడా చెప్పాడు. అది మాత్రం నేనే స్వయంగా ఇచ్చిన సమాచారం. ఎవరూ లోపలికి రాకముందే తన జాగా అని చూపించుకోవాలని జంగయ్య సారు శుక్రవారమంతా చదును చేయించి కడీలు పాతించాడు. జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పి కొనుక్కున్న ఒక్క ప్లాటు, ఎవరో మింగేస్తున్నారనుకుంటే ఎవరు ఊరుకుంటారు? పాపం, ఆయన ఆ కాగితాలు ఒక్కొక్కటే తీసి మాకు చూపిస్తున్నాడు. నాకు ఏడుపు నా ఫెర్న్ కోసం వచ్చిందో, ఆయన కోసం వచ్చిందో చెప్పలేను.

దండం పెట్టాను. ఆ ముగ్గు నేనే పోశాను సార్, ఇల్లు కట్టడానికి కాదు, గడ్డి లెక్కపెట్టడానికి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"గడ్డి లెక్కవెట్టనీకి కొబ్బరికాయ గొడ్తరా?"

దీనికి ఏ టెక్స్ట్‌బుక్‌లో జవాబుంది చెప్పండి. మా ఆయన అలవాటు గురించి, మిక్సీ గురించి చెప్పుకొచ్చాను. సరిగ్గా అప్పుడే సత్తెమ్మ ఆటో దిగింది. జనాన్ని చూసి గాబరాగా వచ్చి, ఏంది సారూ, ఈమె మన ఆకుల మేడమే గదా, ఏడాది సంది వచ్చి గడ్డిని చూసుకుంట తనల తనే మురుస్తది అని సాక్ష్యం చెప్పింది. అంత మంది ప్రొఫెసర్ల ముందు నా పరిశోధన గురించి వచ్చిన మొదటి అభిప్రాయం అది.

జంగయ్య సారు కాగితాలు చంకలో పెట్టుకున్నాడు. మెల్లగా నవ్వొచ్చింది ఆయనకి.

"మామూలు నెలల్ల పోస్తే నేను గూడ ఇంత బుగులుపడక పోదునమ్మా. ఆషాఢంల ముగ్గు పోసిన్రంటే కబ్జాగాళ్ళే అనుకున్న. మంచోళ్ళెవరు ఆషాఢంల ఇల్లు మొదలువెడ్తరు?"

అందరికీ చాయ్ తెప్పించాడు. టోపీల జనం పక్కన పడేసి ఉన్న మిగులు కడీల మీద కూర్చుని తాగుతున్నారు. నేను మాత్రం ప్రొఫెసర్ మేడం వైపు చూడలేకపోయాను. ఆవిడ చాయ్ కప్పు పట్టుకుని ఆ మట్టిలో ఒక చివర నుంచి ఇంకో చివరకి నడుస్తున్నారు. వంగి మట్టి తీసి వేళ్ళతో నలుపుతున్నారు. సీటు పోయింది, బ్రోచర్ పోయింది, సోమవారం నుంచి కూపన్లు అనుకుంటూ నిలబడ్డాను.

ఆవిడ వచ్చి, ఏడాది లెక్కలు అన్నీ ఉన్నాయా అని అడిగారు. ప్రతి గడివీ ఉన్నాయన్నాను.

"అయితే ఏడుస్తారెందుకు వాసంతీ? చదును కాకముందు ఏముందో మీకు తెలుసు. చదును చేసిన రోజు కూడా తెలుసు. ఇక ఏది ముందు తిరిగి వస్తుందో, ఏది రాదో చూడండి. ఆ ఫెర్న్ వేర్లు ఎక్కడో మట్టిలోనే ఉండొచ్చు. ఇదే మీ పీహెచ్‌డీ."

నేను ఆవిడని కౌగిలించుకోబోయి, ఆవిడ చేతిలో వేడి చాయ్ చూసి ఆగాను. వెంటనే జంగయ్య సారు దగ్గరికి పరిగెత్తాను, ఈసారి పర్మిషన్ అసలు మనిషినే అడగాలి కదా. ఇప్పట్లో ఇల్లు కట్టే ఆలోచన లేదన్నాడు. గేటు తాళంచెవి ఒకటి సత్తెమ్మ దగ్గర పెడతానన్నాడు. "వచ్చి లెక్కవెట్టుకో బిడ్డా, గడ్డిని నేనేం జేస్త. కాయ మాత్రం కొట్టకు" అన్నాడు.

అంతా సుఖాంతం అనుకుంటున్నారా? ఫీల్డ్ విజిట్ ఇంకా అవలేదు! ప్రొఫెసర్ మేడం అందర్నీ ఆ మట్టిలోనే గుండ్రంగా నిలబెట్టి క్లాసు మొదలుపెట్టారు. ఏ స్థలాన్ని చదివినా మొదటి ప్రశ్న ఒకటే, దీన్ని ఎవరు పాడుచేశారు అన్నారు. ఒకరు రియల్ ఎస్టేట్ అన్నారు. ఒకరు పట్టణీకరణ అన్నారు. ఒక రీసెర్చ్ స్కాలర్ వాతావరణ మార్పులు అనేశాడు. జేసీబీ డ్రైవరు వాళ్ళని చూసి నవ్వుకుంటున్నాడు. మేడం నావైపు తిరిగి, "మీరు చెప్పండి" అన్నారు.

చెయ్యెత్తి, "నేనే మేడం" అన్నాను.

అందరూ సీరియస్‌గా రాసుకున్నారండీ! ఇన్నాళ్ళూ అడవుల్ని నాశనం చేసేవాళ్ళ గురించి పిల్లలకు చెప్తూ, ఉదాహరణ కోసం పేపర్లు వెతికేదాన్ని. ఇక ఆ అవసరం లేదు, ఉదాహరణే రోజూ అటెండెన్స్ తీసుకుని పాఠం చెబుతుంది.