వెనక బాక్సుల్లో ఏముంటుంది

మొన్న చిన్నల్లుడి ఇంటికి వెళితే, టీవీ కింద సౌండ్‌బారట, బారెడు పొడవున్న నల్లటి బద్ద ఒకటి పెట్టించి, మమ్మల్నందరినీ సోఫాలో వరుసగా కూర్చోబెట్టి, నాలుగు దిక్కులనుంచీ పాట వినబడుతుంది చూడమన్నాడు. చూశాను. మూడు దిక్కులనుంచి ఏమీ రాలేదు. ముందు నుంచి వచ్చినదాంట్లో కూడా పాడే మనిషి గొంతు దుప్పటి కప్పుకొని పాడుతున్నట్టుంది. అల్లుడి ఇల్లు కదా అని చాయ్ తాగి ఊరుకున్నాను గానీ లోపల ఒళ్లు మండిపోయింది. అట్టపెట్టె మీద రాసింది నమ్మి సొంత చెవుల్ని నమ్మనివాళ్లకు ఏం చెప్పగలం? ఇలాంటివాళ్లను ఊరు ఊరంతా చూసినవాణ్ణి నేను.

తెలంగాణ వచ్చిన కొత్తలో చౌటుప్పల్ బస్టాండు పక్కన నాకో చిన్న దుకాణం ఉండేది. హైవే పక్క జాగాల ధర పెరిగి, నిన్నటిదాకా రేడియోకు బ్యాటరీలు వేయనివాళ్లు కూడా ఇంటికి హోం థియేటర్లు తెచ్చుకుంటున్న రోజులవి. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఐదు చిన్న బాక్సులు, ధన్ ధన్ మనడానికి ఇంకో పెద్దది. వాటిని ఎలా పెట్టుకునేవాళ్లో చూస్తే తల బాదుకోవాలనిపించేది. ఒకాయన ఐదింటినీ షోకేసులో పెండ్లిఫోటోల మధ్య వరుసగా నిలబెట్టాడు. ఇంకొకాయన వెనకాల పెట్టాల్సిన రెండింటిలో ఒకటి వంటింట్లో, ఒకటి బాత్‌రూం తలుపుమీద బిగించాడు. పాడేవాళ్ల గొంతంతా వచ్చేది మధ్య బాక్సులోంచే అయితే, దానికి దుమ్ము పడుతుందని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో దాచిన మహానుభావుడు ఒకాయన దుకాణానికి వచ్చి, మ్యూజిక్ మంచిగ వస్తుంది గని పాటే వస్తలేదు అని నామీదే కోపం చేశాడు.

అలాంటివాళ్లే నాకు పని కల్పించారు. వాళ్ల డిస్కులోని పాటను కంప్యూటర్లోకి దించి, ఆరు బాక్సులకోసం ఆరుగా విడగొట్టిన చప్పుడును రెండు బాక్సుల్లో సరిపోయేలా కలిపి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాణ్ణి. మధ్య బాక్సుది జర తగ్గించి కుడికీ ఎడమకూ సమంగా పంచాలి, లేకపోతే గొంతు మునిగిపోతుంది. వెనక బాక్సులవి కూడా తగుమాత్రం కలపాలని పద్ధతి. నేను కలిపేవాణ్ణి కాదు. సినిమా పాటల్లో వెనకనుంచి వచ్చేదంతా చప్పట్లు, గాలి, ఖాళీ నీళ్లగాబులో మాట్లాడినట్టుండే ప్రతిధ్వని. అది కలిపితే పాట చెడిపోతుందని నా గట్టి నమ్మకం. అందుకని వెనకవి రెండూ సున్నాకు దించి, ఆ లెక్కను కంప్యూటర్లో ఒక్కసారి పెట్టేసి, ఎవరి పాట వచ్చినా అందులోంచే తోసేవాణ్ణి. రెండు బాక్సుల పాట తయారుకాగానే పెద్ద ఫైలు జాగా తింటుందని చెరిపేవాణ్ణి. పాత డిస్కులు ఎవరూ వెనక్కి అడిగేవాళ్లు కాదు, జొన్నచేలల్లో పిట్టలు వాలకుండా దారం కట్టి వేలాడదీయడానికి రైతులు పిడికెళ్లకొద్దీ తీసుకుపోయేవాళ్లు.

మా అక్కను కేతేపల్లి దిక్కు ఇచ్చారు. బావ ఉద్యమం రోజుల్లో ఊరూరా తిరిగిన పాటల బృందంలో ఉండేవాడు. ముందు నిలబడి పాడేది వేరే ఒకాయన, ఇప్పుడు ఏదో పదవిలో ఉన్నాడు లెండి. బావ వెనక నిలబడి డప్పు కొడుతూ వంత పాడేవాడు. రాష్ట్రం వచ్చాక వాళ్లంతా పట్నం వెళ్లి, స్టూడియోలో ఆరు బాక్సులకు సరిపడా ఒక డిస్కు చేసుకొచ్చారు. బావ గొంతు దొరికేది ఆ ఒక్క డిస్కులోనే, అందులోనూ ఒక్క పాటలోనే. ఇంకో రెండేళ్లకు ఆయన గుండెపోటుతో పోయాడు. సంవత్సరీకం దగ్గరపడుతుంటే అక్క ఆ డిస్కును చీరె కొంగులో చుట్టుకొని బస్సులో చౌటుప్పల్ వచ్చి, మా ఇంట్ల రెండే బాక్సులున్నయ్ తమ్మీ, ఆ దినం మీ బావ పాడంగ అందరు ఇనాలె, నేనూ ఇనాలె అని నా చేతిలో పెట్టింది.

నేనేం చేశానో మీకు అర్థమయ్యే ఉంటుంది. వందల పాటలు చేసినవాణ్ణి, విని చూసుకోవాల్సిన ఖర్మ నాకెందుకన్న పొగరుతో అందరి పాటల్లాగే ఆ లెక్కలోంచి తోసేశాను. పెద్ద ఫైలు చెరిపేశాను. ఇక దీంతో పనేముందని డిస్కును కూడా రైతులు తీసుకుపోయే పాత డిస్కుల కుప్పలో పడేశాను.

సంవత్సరీకం రోజు అక్క ఇంట్లో భోజనాలకు ముందు చుట్టాలంతా కూర్చున్నాక, బాక్సుల్ని నేనే కొలిచి పెట్టి, నా పనితనం చూడండన్నట్టు నిలబడి పాట పెట్టాను. ముందున్నాయన గొంతు చిలుకలా వచ్చింది. ఆయన చరణం అయిపోయి వంత అందుకోవలసినచోట ఉత్త డప్పు మోగింది. రెండోసారీ అంతే. ఆ స్టూడియోవాడు, వినేవాళ్లకు తాము జనం మధ్యలో కూర్చున్నట్టుండాలని, వంతవాళ్లందరినీ తీసుకుపోయి వెనక బాక్సుల్లో పెట్టాడని నాకు అప్పుడు తట్టింది. అక్క బాక్సులకేసి చూసి, నావైపు తిరిగింది.

"తమ్మీ, అందరున్నరు. మీ బావ లేడు" అంది.

తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రమే దుకాణానికి పరుగెత్తి కుప్పంతా వెతికాను, డిస్కు లేదు. తీసుకుపోయిన రైతు ఎవరో కనుక్కొని, మర్నాడు పొద్దున్నే చేలోకి వెళ్లి వరుస వరుసా తిరిగితే, ఒక కట్టెకు వేలాడుతూ కనబడింది. ఎండకు పైపూత లేచిపోయి, మట్టిగాలికి గీతలు పడి ఉంది. కంప్యూటర్లో పెడితే గిర్రున తిరిగి బయటికి తోసేసింది. స్టూడియో ఎప్పుడో మూతపడింది. పదవిలో ఉన్న పెద్దమనిషి దగ్గరికి పోతే, నా కళ్లలోకి కూడా చూడకుండా, గప్పటి డిస్కులు ఇంక ఎవరు దాస్తరే అన్నాడు. సొంత గొంతునే దాచుకోలేనివాడు వెనకవాళ్ల గొంతు దాస్తాడా? నేను మాత్రం ఏం దాచాను గనక, ఆయన్ని అనడానికి.

ఆ ఏడే దుకాణం ఎత్తేశాను. ఇప్పుడు ఏ సెల్‌ఫోనైనా ఆరింటిని రెండుగా కలిపే పని తనంతట తానే చేసుకుంటోంది, వెనకవాళ్లను కూడా పారేయకుండా కలుపుతోంది. నాకన్నా దానికే బుద్ధి ఎక్కువ. స్టూడియోల్లో ఒకరి మైకులోకి పడిన ఇంకొకరి గొంతును మచ్చలేకుండా తుడిచేసే యంత్రాలు కూడా వచ్చాయట. ఆ రోజుల్లో అంత శుభ్రం లేకపోవడం మా అదృష్టం. ఎందుకంటే అక్క నేను చేసిచ్చిన ఆ రెండు బాక్సుల పాటనే వినీ వినీ, మూడో చరణం చివర ముందున్నాయన మైకులోకి పొరపాటున పడిన బావ గొంతును పట్టుకుంది. అదీ రెండే మాటలు, అవీ దూరంనుంచి. నేను విని ఉంటే పని తెలియని స్టూడియోవాడని తిట్టి ఉండేవాణ్ణి. ఇప్పుడు అక్క పాట మొత్తం పెట్టదు. అక్కడికి జరిపి, ఆ రెండు మాటలూ విని, ఆపేస్తుంది.