దినాలయ్యేదాకా వదలని చేయి

మా పక్క క్వార్టర్ పెద్దమ్మ మొన్న పొద్దున కన్నుమూసింది. "పెద్దమ్మ పోయింది బిడ్డా" అని మా అవ్వ, అంటే మా అమ్మ, ఫోన్లో ఒక్క మాట చెప్పి పెట్టేసింది. కరీంనగర్ నుంచి మందమర్రి దాకా బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. మీలో ఎవరికీ ఆమె తెలియదు. కాలనీలో గంప నెత్తిన పెట్టుకుని కూరగాయలు అమ్మిన మనిషి.

బొగ్గుబాయిలో, అంటే గనిలో, ప్రమాదంలో మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఎవరికన్నది భార్య వేలిముద్ర మీద ఉంటుంది. దినాలు కాకముందే అయినవాళ్లు ఉద్యోగం తమకు రాయించుకునే కాగితం పట్టుకుని వస్తారు. పెద్దమ్మ భర్త పోయినప్పుడు మరిది వచ్చి ఏడ్చాడట. "వదినా, నిన్ను తల్లి లెక్క చూసుకుంట" అన్నాడట. ఆమె వేలిముద్ర వేసింది. ఉద్యోగం వచ్చాక కొన్నాళ్లకే అతను వేరుపడ్డాడు.

అప్పట్నుంచి ఎవరింట్లో బాయి చావు కబురు విన్నా గంప దించి తనే ముందు వెళ్లేది. ఏడ్చే మనిషి కుడిచేయి తన ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చూసేవాళ్లు ఓదారుస్తోందనుకునేవారు. దినాలయ్యేదాకా వదిలేది కాదు.

మా నాన్న, బాపు, బాయిలో పోయినప్పుడు నేను ఎనిమిదో తరగతి. బాపు తమ్ముడు కాగితంతో వచ్చాడు. "బాయి పని ఆడోళ్లతోని ఏమైతది వదినా?" అన్నాడు. అవ్వ తల ఊపింది కూడా.

"మనిషి సోయిల లేదు. గిప్పుడు వేలెట్ల పెడ్తది? దినాలు కానియ్యి" అంది పెద్దమ్మ.

ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె అటు చూడనైనా చూడలేదు. "బుక్కెడన్నం తిను చెల్లె. ఏడ్వనీకె గూడ బలం గావాలె" అంది అవ్వతో.

దినాలయ్యాక అవ్వ తన పేరే రాయించుకుని ఉద్యోగంలో చేరింది. నేను చదువుకున్నాను. పరిహారం కుటుంబానికని చట్టం అంటుంది. ఆ కుటుంబం ఎవరన్నది మాత్రం ఆ దినాల్లోనే తేలిపోతుంది. ఆఫీసుల్లో రూల్స్ రాసేవాళ్లు ఒక్కసారి అలాంటి ఇంట్లో కూర్చుంటే బాగుండునని ఇప్పటికీ కోపంగా అనుకుంటాను.

మొన్న నేను వెళ్లేసరికి పెద్దమ్మ చుట్టూ ఆడవాళ్లు చాలామంది బాయి డ్రెస్సుల్లో కూర్చుని ఉన్నారు. ఆమె వల్ల ఉద్యోగం దక్కినవాళ్లు. రెండో షిఫ్టు సైరన్ మోగింది. ఎవరూ కదల్లేదు. చివరికి మా అవ్వే కళ్లు తుడుచుకుని లేచింది.

"లేవుండ్రి. డ్యూటీ నాగా పెడ్తే అక్క ఊకోదు."

ఒక్కొక్కరే ఆమె పాదాలు తాకి, గోడవారన పెట్టిన హెల్మెట్లు తీసుకుని బాయి దిక్కు నడిచారు. పాడె ఇంకా వాకిట్లోనే ఉంది.