పెద్దమ్మ జబ్బుకు పేరు దొరికిన రోజు

మా పెద్దమ్మది కార్వేటినగరం దగ్గర పల్లె. పూత చూసి ఆ ఏడు మామిడి కాపు ఎంతో చెప్పేది. కోతల రోజుల్లో కూలీల కంటే ముందు తనే బుట్ట ఎత్తుకునేది. అలాంటి మనిషి తొంభైల్లో ఒక ఏడాది మంచం దిగడం మానేసింది. తలనొప్పి అంది, గుండెల్లో బరువంది, కడుపులో మంటంది. సూదులయ్యాయి, టానిక్కులయ్యాయి. తిరుపతిలో అన్ని పరీక్షలూ చేసి, ఏమీ లేదన్నారు.

“పంట బాగుండాది, పిల్లోళ్లు బాగుండారు. నీకేం తక్కువమ్మే?” అనేవారు చుట్టాలు. ఆమె తలొంచుకునేది.

నేనప్పుడు చిత్తూరు కోర్టులో గుమాస్తాను. మా వీధి చివర, మా ఇంట్లో అందరి జ్వరాలూ దగ్గులూ చూసే డాక్టరు ఒకాయన ఉండేవాడు. పెద్దమ్మను ఆయన దగ్గరికి తీసుకుపోయాను. పెదనాయనా వచ్చాడు.

డాక్టరు రిపోర్టులన్నీ ఓపిగ్గా చూసి పక్కన పెట్టాడు. పెదనాయనను కాసేపు బయట కూర్చోమన్నాడు. నేనూ లేవబోతే పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు.

“పొద్దున లేస్తానే ఎట్లుంటాదమ్మా?” అని అడిగాడు.

ఆమె కొంగు అంచు వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. బయట వరండా నిండా జనం. అయినా ఆయన తొందరపడలేదు.

“ఎందుకు తెల్లారిందా అనిపిస్తాది సార్.”

“సచ్చిపోతే బాగుండునని అనిపిస్తాదా?”

లేని ఆలోచన పుట్టిస్తున్నాడేమోనని భయపడ్డాను. పెద్దమ్మ మాత్రం ఎవరైనా అడిగితే చాలునని కాచుకున్నట్టు భోరున ఏడ్చింది.

“తోటలో బాయి ఉండాది సార్. నాలుగు నెలలుగా ఆ పక్క పోలేదు. పోతే ఏమైతాదో అని నాకే భయం.”

“నాలుగు నెలలు నిన్ను నువ్వే కాపాడుకున్నావు. నువ్వు మామూలు మనిషివి కాదమ్మా,” అన్నాడు డాక్టరు. ఆ ఏడాదిలో ఆమెను మెచ్చుకుంటూ ఎవరైనా అన్న మొదటి మాట అదే.

భర్తకు చెప్పడానికి ఆమె ఒప్పుకున్నాక పెదనాయనను లోపలికి పిలిచి అంతా చెప్పాడు. “ఇది కుంగుబాటు అనే జబ్బప్పా. షుగరు, బీపీ మాదిరే. పిచ్చి కాదు, సోమరితనం కాదు. మాత్ర పనిచేసేదానికి రెండు మూడు వారాలు పడతాది. అందాకా ఈమెను ఒంటిగా వదలద్దు. వారం వారం పిల్చుకోని రా. నా చేతిలో కాకుంటే తిరుపతిలో ఈ జబ్బు చూసే డాక్టరు దగ్గరికి నేనే పంపిస్తా.”

“పక్కనే ఉండి కూడా నాకు తెలీలేదే,” అన్నాడు పెదనాయన. మర్నాడే ఊరికి పోయి బావి మీద ఇనుప జాలీ బిగించి వచ్చాడు.

పెద్దమ్మ మా ఇంట్లోనే ఉండిపోయింది. మూడు వారాలు ఏ మార్పూ లేదు. ఒకసారి మాత్రలు విసిరేసింది కూడా. అయిదో వారం ఒక పొద్దున నేనిచ్చిన కాఫీ ఒక గుక్క తాగి, “ఇది కాఫీనా, కుడితి నీళ్లా? జరుగమ్మే, నేను పెడతా,” అని స్టవ్వు దగ్గరికి వచ్చింది. తిట్టించుకుని అంత సంతోషపడిన రోజు నా జీవితంలో మరొకటి లేదు.

దాదాపు ఏడాది మాత్రలు వాడింది. డాక్టరే మెల్లగా తగ్గించి మానిపించాడు.

ఏడెనిమిదేళ్లకు ఆ జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఈసారి నిద్ర పట్టడం మానేసిన వారానికే పెద్దమ్మ ఎవరూ తోడు లేకుండా చిత్తూరు బస్సెక్కింది. డాక్టరుకు చూపించుకున్నాకే మా ఇంటికి వచ్చింది. వెంట వాళ్ల ఊరావిడ ఒకామె ఉంది. బస్సులో పక్కన కూర్చుని, ఒళ్లంతా నొప్పులంటూ కళ్లు తుడుచుకుంటుంటే, ఆమెను కూడా లోపలికి తీసుకుపోయి చూపించిందట.

“ఆ యమ్మకీ నా జబ్బేనంట. అన్నం పెట్టు, ఇద్దురమూ ఆకలి మీద ఉండాము,” అంది పెద్దమ్మ, కాళ్లు కడుక్కుంటూ.