స్కానర్‌కి దొరికిన మోకాలు

ముప్పై ఏళ్లుగా టైల్స్ పరుస్తున్న ఈ మేస్త్రీని తోటి పనివాళ్లు రసమట్టం అని పిలుస్తారు. నేలకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూశాడంటే నూలుపోగంత ఎత్తుపల్లం కూడా తప్పించుకోలేదు. దీన్ని ఆయన గొప్పగా చెప్పుకోడు. ఎదుటివాళ్లు చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలడు, అంతే.

సైట్ ఇంజనీరు ఆయన సొంత మేనకోడలు. మొదటి భవనంలో నేలపని పూర్తయిన మర్నాడు, మూడుకాళ్ల స్టాండు మీద గిర్రున తిరిగే స్కానర్ ఒకటి తెచ్చి హాలు మధ్యలో నిలబెట్టింది. రెండు నిమిషాల్లో గదంతా కొలిచేస్తుంది. నేల సమంగా ఉన్నచోట ట్యాబ్‌లో ఆకుపచ్చ, దిగినచోట ఎరుపు. రిపోర్టు బాగుంటే రెండో భవనం మేస్త్రీకి. లేదంటే టైల్స్ పరిచే కొత్త యంత్రానికి. బిల్డర్ అప్పటికే దాని వీడియో కనపడ్డవాళ్లకల్లా చూపించి మురిసిపోతున్నాడు.

"కానియ్, నీ బొమ్మ ఏం చెబుతుందో చూద్దాం" అన్నాడు మేస్త్రీ.

హాలంతా పచ్చగా వచ్చింది. మధ్యమధ్య ఎర్ర చుక్కలు, తట్టు పోసినట్టు.

"మావయ్యా, పదకొండు టైల్స్ దిగాయి. రెండేసి మిల్లీమీటర్లు."

"దానికి కళ్లజోడు పెట్టించు."

పడగ్గదిలో ఏడు. వంటింట్లో ఐదు. మేస్త్రీ ముందు స్కానర్‌ని అన్నాడు, తర్వాత టైల్స్ కంపెనీని, ఆపైన జిగురుని. చివరికి తనే చెంప ఆనించి చూసి, దిగిన టైలు మీద సుద్దతో గీటు పెట్టాడు.

ఇక్కడ చేతిపని ముందు యంత్రం చిత్తయిందని రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ చిత్తవలేదు. దాని లెక్కే సరైంది.

మేనకోడలు మాత్రం ట్యాబ్ వదల్లేదు. చుక్కలన్నీ ఆయన పరుచుకుంటూ వచ్చిన వరసలకి ఎడమవైపే ఉన్నాయి, ఇంచుమించు ఒకే దూరంలో.

"ఒక్కసారి కూర్చుని లేవండి మావయ్యా."

"ఇప్పుడు గుంజీలు కూడా తీయిస్తావా?"

కూర్చున్నాడు. లేచేటప్పుడు ఎడమ అరచెయ్యి ఆ పక్కనున్న టైలు మీద ఆన్చి, ఒంటి బరువంతా దానిమీద మోపి లేచాడు. లేచాక ఆ చెయ్యివంక చూసుకున్నాడు. కింద జిగురు పచ్చిగా ఉండగా అలా లేచిన ప్రతిసారీ ఒక టైలు దిగిందన్నమాట.

"మోకాలి నొప్పి ఎప్పట్నుంచి?"

"వానలకి ముందునుంచి."

"అత్తయ్యకి తెలుసా?"

"మీ అత్తయ్యకి తెలిస్తే ఈపాటికి నీకు తెలిసేది. వీధి చివరి ఇంటికి నీకన్నా ముందే తెలిసేది."

మేస్త్రీ ఉలి తీసుకున్నాడు. "ఇరవైమూడూ తీసి మళ్లీ పరుస్తాను. రిపోర్టు ఉన్నదున్నట్టు రాయి. మావయ్యనని మొహమాటపడకు."

ఆమె అక్కడికక్కడే బిల్డర్‌కి ఫోన్ చేసింది. ఎన్ని దిగాయో చెప్పింది, ఎందుకు దిగాయో చెప్పింది. అవతల కాసేపు గొణుగుడు వినిపించింది. మేస్త్రీ ఉలి అంచుని పదేపదే తుడుస్తున్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి ఆయనవైపు తిరిగింది.

"రెండో భవనం మీదే. కానీ మీరు కింద కూర్చోకూడదు. మీవాళ్లు పరుస్తారు, మీరు స్కానర్‌తో వెనకాలే తిరగాలి."

ముప్పై ఏళ్లు నేలమీద ఉన్న మనిషి. నిలబడి ఉద్యోగం చెయ్యడం గురించి చాలాసేపే ఆలోచించాడు.

"తిట్టొచ్చా?"

"మరి మిమ్మల్ని పెట్టుకునేది ఎందుకనుకున్నారు?"

మేస్త్రీ వెంటనే గుమ్మంవైపు తిరిగి, అక్కడ నిలబడి నవ్వుతున్న తన పనివాడితో అన్నాడు: "నువ్వేంట్రా, పెళ్లిఫోటోకి నిలబడ్డట్టు? బకెట్ తే."