మే నెలలో హీటరు

నా చిన్నప్పుడు మా మావయ్య ఒక పాత కారు కొన్నాడు. దివిసీమలోని మా అమ్మమ్మగారి ఊళ్ళో అప్పటికి కారంటూ ఉన్నది అదొక్కటే. అమ్మినాయన ఎక్కడో చలి కొండల్లో ఉద్యోగం చేసి వచ్చినవాడట, అందుకని దాంట్లో హీటరు కూడా ఉంది. ఊరు ఊరంతా వచ్చి ఆ మీట తిప్పి చూసి నవ్వింది. పొద్దున పెట్టిన వడియాలు మధ్యాహ్నానికి గలగలలాడే ఊళ్ళో హీటరుతో ఏం పనండీ అని. మావయ్య వాళ్ళతోపాటు తనూ నవ్వేవాడు. పెళ్ళిళ్ళకీ, ఆస్పత్రి పనులకీ ఆ కారుని అద్దెకి తిప్పుకుంటూ కన్నబిడ్డలా చూసుకునేవాడు.

మా ఊళ్ళో బోరు వేస్తే పడేవి ఉప్పునీళ్ళే. తాగే నీళ్ళు దూరం నుంచి బిందెలతో మోసుకురావాలి. అందుకని మా అమ్మమ్మ మంచినీళ్ళ బిందె జోలికి ఎవరినీ రానిచ్చేది కాదు. కారు రేడియేటర్‌లో పొయ్యడానికని మావయ్య ఒక డబ్బా మంచినీళ్ళు పక్కన పెట్టుకునేవాడు. ఆయన అటు వెళ్ళగానే అమ్మమ్మ ఆ నీళ్ళని మళ్ళీ బిందెలో ఒంపేసి, డబ్బా నిండా బోరు నీళ్ళు పట్టి యథాస్థానంలో పెట్టేసేది. ఇనప ముద్దకి మంచినీళ్ళేమిటని ఆవిడ వాదన. నేను చూశాను. నోరు విప్పితే వీపు చిట్లుతుందని నాకు ముందే చెప్పింది.

కొన్నాళ్ళకి కారులో ముందు సీటు దగ్గర కాళ్ళ కింద వేడినీళ్ళు కారడం, అద్దానికి ఆవిరి పట్టడం మొదలైంది. బందరులో మెకానిక్ చూసి, హీటరు లోపలుండే చిన్న రేడియేటర్‌కి చిల్లు పడిందన్నాడట. దాన్ని తీసి పారేసి, ఇంజన్ నీళ్ళు అందులోకి వచ్చిపోయే రెండు గొట్టాలూ కలిపేద్దాం, మన ఎండలకి అదెందుకన్నాడట. మావయ్యకి మనసొప్పలేదు. బండిలో ఉన్నదేదీ ఉత్తినే ఉండదనేవాడు ఆయన. బెజవాడ నుంచి కొత్తది తెచ్చి, ఒక ఆదివారమంతా డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని తనే బిగించాడు. ఊడదీసిన పాతదాన్ని అరుగు మీద పెట్టాడు. పలకంత ఉంది. దాని సన్నటి గొట్టాల నిండా తెల్లగా ఏదో గట్టిపడిపోయింది. మావయ్య దాన్ని గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాడు. ఒకసారి డబ్బా వంక చూశాడు, ఒకసారి వంటింటి వంక చూశాడు. ఇకనుంచి నీళ్ళు నేనే పట్టుకుంటానమ్మా అని మాత్రం అన్నాడు.

ఆ వేసవిలోనే గుడివాడ నుంచి కబురొచ్చింది. అమ్మమ్మకి స్వయానా అక్క, మా పెద్దమ్మమ్మకి బాగాలేదు, గంటల్లో ఉందన్నారు. ఆ అక్కచెల్లెళ్ళకి ఏళ్ళ తరబడి మాటల్లేవు. పెద్దమ్మమ్మ ఇంట్లో పెళ్ళికి స్వయంగా వచ్చి బొట్టు పెట్టి పిలవకుండా, ఎవరిచేతో శుభలేఖ పంపించారని మా అమ్మమ్మ అలిగింది. ఈవిడ అలిగిందని ఆవిడా అలిగింది. అంతే. కబురు విన్న అమ్మమ్మ పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి వచ్చి కారులో కూర్చుంది. నన్ను ఒక్కదాన్నీ ఇంట్లో ఉంచలేక వెనక సీట్లో పడేశారు.

పులిగడ్డ దాటేవరకు బాగానే ఉంది. చల్లపల్లి దాటాక కారు కాగడం మొదలుపెట్టింది. హీటరు మార్చాడు గానీ, ముందున్న పెద్ద రేడియేటర్‌లో పేరుకున్న ఉప్పు పూర్తిగా వదల్లేదు. కూచిపూడి దగ్గరికొచ్చేసరికి మూత సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. మావయ్య చెట్టు నీడన ఆపాడు. మే నెల, కాలవలకి నీళ్ళు కట్టేశారు, హడావుడిలో డబ్బా ఇంటి దగ్గరే ఉండిపోయింది, కనుచూపు మేరలో చుక్క నీళ్ళు లేవు. బండి కాస్త చల్లారాక, అమ్మమ్మ తను తాగడానికి తెచ్చుకున్న మరచెంబు మంచినీళ్ళు మావయ్య చేతికిచ్చింది. అన్నీ పొయ్యమంది.

మళ్ళీ బయల్దేరాం. మావయ్య నాలుగు అద్దాలూ దించేసి, ఊరంతా నవ్విన ఆ మీటని చివరికంటా తిప్పాడు. మే నెల ఎండలో, ఇంజన్ వేడి మొత్తం మా మీదికి కొట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అమ్మమ్మ ఇక ఆగలేదు. అక్క ముఖం చూడనిస్తావా లేదా అంది, మమ్మల్ని ఉడకబెట్టి చంపుతావా అంది, నీదీ ఒక కారేనా, నువ్వూ ఒక కొడుకువేనా అంది. ఏడుస్తూ తిట్టింది. తిడుతూ ఏడ్చింది.

మావయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా అన్నాడు. “ఆ వేడి ఎటో ఒకవైపు పోవాలి కదమ్మా. ఇంజన్లోనే ఉంటే బండి ఆగిపోద్ది. మనం తలా కాస్త పుచ్చుకుంటే పెద్దమ్మ దగ్గరికి చేరతాం.”

“అసలెందుకు కాగింది రా ఇది?”

నా నోట్లో మాట నాలిక చివరిదాకా వచ్చింది. పైనున్న అద్దంలోంచి మావయ్య నన్నొకసారి చూశాడు.

“ఎండలు కదమ్మా,” అన్నాడు.

అప్పుడు నాకు ఆయన మీద కోపమే వచ్చింది. అన్ని తిట్లు ఊరికే పడుతున్నాడని. ఆవిడ డబ్బాలో మార్చిన నీళ్ళే ఆవిడకీ ఆవిడ అక్కకీ అడ్డం పడ్డాయని ఆ దారిలో తెలిసుంటే అమ్మమ్మ ఏమైపోయేదో, నాకు బుద్ధి తెలిశాక గానీ తట్టలేదు.

గుడివాడ చేరేసరికి ముగ్గురం నూతిలోంచి తీసినట్టు తడిసిపోయి ఉన్నాం. పెద్దమ్మమ్మ వసారాలో మంచం మీద ఉంది. పొద్దుటినుంచీ కళ్ళు తెరవలేదన్నారు. అమ్మమ్మ వెళ్ళి మంచం పట్టె మీద చెయ్యి వేసి, అక్క మీదికి వంగింది. ఆవిడ చెమట చుక్కలు కాబోలు, పెద్దమ్మమ్మ చేతిమీద పడ్డాయి. కళ్ళు తెరిచింది. చాలాసేపు చూసింది.

“ఎంత చెమట పట్టిందే నీకు,” అంది. “ఎవరన్నా దీనికి విసరండ్రా.”

అన్నేళ్ళ తర్వాత అక్క చెల్లెలితో అన్న మాట అది. పెద్దమ్మమ్మకి ఆ రాత్రి గడవలేదు. అయినా అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ ఒక్క మాటా చెప్పుకుని మురిసేది, చెప్పుకుని ఏడ్చేది.

నాకిప్పుడు అమ్మమ్మ వయసొచ్చింది. నోరూ ఆవిడదే వచ్చింది. ఇంట్లో ఎవరైనా కాగిపోతూ నా మీదికొస్తే, అందుకు కారణం వాళ్ళ చేతలేనని తెలిసినా, దీటైన జవాబు నా దగ్గర సిద్ధంగా ఉన్నా, కాసేపు కూర్చుని వింటాను. వినడం చల్లగా ఏమీ ఉండదు, ఒళ్ళు మండుతుంది. మండనీలే అనుకుంటాను. పాపం, వాళ్ళు ఎవరి దగ్గరికి చేరాలని ఆరాటపడుతున్నారో.