యాభై గుండీల పుట

పద్దెనిమిదేండ్లుగా ఒక బండ మోస్తాండా. మాటవరసకు చెప్పడం లేదు. ఆ బండ నిజంగానే ఉండాది, మా చర్చి బయట, వాకిలికి ఎడం పక్క, చెప్పులు ఇడిచే తావులో. దాని మీద ఒక ఆడమనిషిని కూర్చోబెట్టింది నేను. ప్రతి ఆదివారం ఆమె ఆడ కూర్చోనుంటే లోపల నేను వేదం చదువుతాంటి. చదువుతాంటి అని రాసినా చూడు, అదీ అబద్ధమే. మొదట్లోనే జారినా.

నాకు అప్పుడు చదువు రాదు.

రాసేసినా!  ఎంత హాయిగా ఉండాదో నీకెట్ల చెప్పేది? నువ్వెవరో నాకు తెల్దు. తెలియకపోవడమే మేలు. ఎదురుగా మొగం కనపడితే నా నోరు మళ్ళా అబద్ధంలోకే పోతుంది. దానికి అలవాటు.

మాది కుందుర్పి పక్క పల్లె. వాన పడితే చెనక్కాయ, పడకుంటే బెంగుళూరు. మా పాస్టరు అయ్యగారికి ఎనిమిది ఊర్ల సంఘాలుండాయి, మాకు నెలకొక ఆదివారమే దొరుకుతాడు. మిగతా ఆదివారాలు ఆరాధన సంఘపెద్దే నడపాల. బైబిల్లో పాత నిబంధన పాఠం పెద్దే చదవాల, అది మా ఊరి ఆనవాయితీ. మా నాయన చదివేవాడు. నన్ను మాత్రం గొర్రెల యెంట తోలినాడు. ఆయన పోయినాక ఆ కుర్చీ నాకిచ్చినారు. నీకు చదువొచ్చునా అని ఒక్కడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

శనివారం సాయంత్రం నా భార్య శాంతమ్మ పాఠం చదివి వినిపించేది. మూడుసార్లు వింటే నాకు పట్టుబడేది. ఆ పుటలో ఆమె ఒక దారం పెట్టేది. తెల్లారి నేను దారం ఉన్న తావ తెరిచి, వేలు పెట్టి, గొంతెత్తి ఒప్పజెప్పేవాణ్ణి. ఒక్క మాట పొల్లు పోయేది కాదు. నీ గొంతులో వేదం పలుకుతాదప్పా అనేవాళ్ళు జనం. నేను పొంగేవాణ్ణి. పొంగినా, ఒప్పుకుంటాండా.

మా ఊరి మార్తమ్మ కరువుకు మొగుణ్ణీ కొడుకునీ తీసుకొని బెంగుళూరు పోయింది, ఇటుకలు మోయను. పదేండ్లకు తిరిగొచ్చింది. మొగుడు లేడు, కొడుకూ లేడు. కండ్లు మసకేసినాయి. ఆమె చేయి పట్టుకొని ఒక కోడలు వచ్చింది, మంజుల. కన్నడం పిల్ల. వేరే దేవుళ్ళను మొక్కే ఇల్లు. కొడుకు ఇష్టపడి చేసుకున్నాడంట. నీ పుట్టింటికి పోవే అని అత్త ఎంత చెప్పినా పోలేదంట. ఇద్దరూ మా చేన్లలో పీకేసినాక మిగిలిన కాయలు ఏరుకొని బతికినారు. మార్తమ్మకు ఒకటే కోరిక. కోడల్ని సంఘంలో కలపాల, తన పక్కన కూర్చోని, రొట్టె ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో పాలు తీసుకోవాల. అంతే. అంతకుమించి ఏమీ అడగలేదు.

ఒకనాడు మార్తమ్మ ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నారు. నేను పుస్తకం తీసినా. దారం దారిలో యాడో జారిపోయింది. నాకేం, ఏదో ఒక పుట తెరిచి ధాటిగా చెప్పేసినా. అందరూ ఆమెన్ అన్నారు. మంచినీళ్ళు ఇస్తా మంజుల మెల్లగా, నాకొక్కనికే వినపడేట్టు అనింది: "మామా, నువ్వు చెప్పింది ఈ పుటలో లేదు గదా?"

ఎగతాళికి అనలేదు. సాయానికి అనింది. ఆ పిల్ల కన్నడంలో ఏడో తరగతి చదివింది. కన్నడం అక్షరాలు, మన అక్షరాలు అక్కచెల్లెండ్లు కదా, చాలా వరకు గుర్తుపడుతుంది. నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. శాంతమ్మ కాక, ఊరంతటిలో నా గుట్టు తెలిసింది ఈ ఒక్కదానికే. రేపు ఇది లోపల మొదటి వరసలో కూర్చుంటుంది. నా వేలు చూస్తుంది. ఎన్ని ఆదివారాలు చూసి ఊరుకుంటుంది?

అంతే. అసలు సంగతి అదే. తక్కినదంతా నేను దానికి తొడిగిన చొక్కా.

ఆ చొక్కా యాడ దొరికిందో చెప్తా. మూడేండ్లు వరసగా సరైన వాన లేదు. టౌను నుంచి ఒక బోధకుడు వచ్చి మూడు దినాలు కూటాలు పెట్టినాడు. పాత నిబంధనలో ప్రతి మాటా ఈ పొద్దుకీ చట్టమే, మీరు దాన్ని ఇడిచిపెట్టినారు, అందుకే ఆకాశం మూసుకున్నది అన్నాడు. వేరే దేవుళ్ళను మొక్కే మోయాబు దేశపోళ్ళు పది తరాల దాకా దేవుని సభలోకి రాకూడదని రాసిండాది, తెలుసునా అని గద్దించినాడు. అందరూ వణికినారు. నేను వణకలేదు. దాచిపెట్టుకున్నా.

పెద్దలం కూర్చున్నప్పుడు తీసినా ఆ మాట, మంజులా అట్లాంటి పరదేశిదే అని. అయ్యగారు కూడా ఆ పొద్దు ఉన్నాడు, ముసలాయన, మెత్తని మనిషి. "పాత నిబంధన నీడప్పా. ఏసు అనే చెట్టే ఎదురుగా వచ్చి నిలబడినాక నీడను పట్టుకొని కొట్లాడతారా?" అన్నాడు. బడిపంతులు ఇంకో మాదిరి చెప్పినాడు. అది ఆ జనం ఆ కాలంలో రాసుకున్నది, వాళ్ళ పగలూ భయాలూ తెలుసుకొని చదవాలన్నాడు. ముగ్గురివి మూడు దోవలు. నాకు ఏ దోవ నిజమో పట్టలేదు. పట్టించుకుంటే కదా! నాకు కావాల్సింది తలుపుకు ఒక గడియ. అది టౌను బోధకుని దోవలో దొరికింది, లాగి వేసినా. కరువు భయానికి మిగతా పెద్దలు నా పక్క వచ్చినారు. సంఘం చీలిపోతుందని అయ్యగారు తల వంచుకున్నాడు.

మంజులను పిలిచి, నువ్వు గడప దాటి లోపలికి రాకూడదని చెప్పినాము. ఆమె ఏడ్వలేదు.

"యాడ రాసిండాది మామా? చూపించు."

మార్తమ్మ పక్కనే ఉండాది, చేతికర్ర పట్టుకొని. నేను పెద్ద పుస్తకం తెరిచినా. మొదటి భాగంలో యాడో. వేలు పెట్టినా. "ఇదో, ఈడ. కండ్లు లేవా?"

ఆమె వంగింది. పెదవులు కదిలినాయి. చానాసేపు కదిలినాయి. తర్వాత తలెత్తి నా మొగం చూసింది. ఆ చూపు గురించి రాయాలంటే నాకు వచ్చిన అక్షరాలు చాలవు. పుట మూల మడిచింది.

"ఉండనీ మామా గుర్తు. ఎప్పుడన్నా చదువుకోవాలనిపిస్తే నీకు దొరకాల గదా."

మిగిలినోళ్ళకు అది పొగరుగా వినిపించింది. నాకు అర్థమయింది. నన్ను నిలువునా నరికే కత్తి ఆమె చేతిలో ఉండె, ఆమె దాన్ని కింద పెట్టింది. ఎందుకు పెట్టింది? పద్దెనిమిదేండ్లుగా అడుగుతాండా నన్ను నేను. భయమా? కాదు. అత్తకు ఆ చర్చి తప్ప ఇంకేమీ లేదు, దాన్ని రచ్చ చేయకూడదు అనుకున్నదా? ఏమో. నాకు తెల్దు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అత్తను చేయి పట్టుకొని తీసుకొచ్చి గడప దాటించి, తాను ఆ బండ మీద కూర్చునేది. ఎండలో, గాలిలో. ఆరాధన అయినాక లేచి మళ్ళా చేయి పట్టుకొనేది. అయ్యగార్లు మారినారు. కొత్తగా వచ్చినోళ్ళకు అది ఎప్పుడూ ఉండే సంగతి మాదిరి అయిపాయ. గోడకు గుమ్మం ఉన్నట్టు, వాకిట్లో మంజుల.

శాంతమ్మ పోయింది. నాకు శనివారాలు లేకుండా పోయినాయి. కంట్లో పొర అని చెప్పి పాఠం తప్పించుకున్నా. పొర నిజమే లే. కానీ మనవరాలు ఊరుకోక అనంతపురం తీసుకపోయి ఆపరేషన్ చేయించింది. ఇంక చూసుకో నా తిప్పలు! "చూపు వచ్చింది గదన్నా, చదువు" అని అందరూ మీద పడినారు. కండ్లు బాగుపడి నా కొంప ముంచినాయి. కొన్నాళ్ళు కండ్లకు శ్రమ కూడదన్నారని చెప్పి నెట్టుకొచ్చినా.

అప్పుడు నేర్చుకున్నా. డెబ్బై ఏండ్లకు. ఎట్లనో చెప్తే నవ్వుతావు. ఫోన్లో వేదం చదివి వినిపించేది ఉంటుంది. మనవరాలు అది పెట్టిచ్చింది, కండ్లకు శ్రమ లేకుండా వింటాడని. నేను ఫోను, పుస్తకం రెండూ తీసుకొని చేను గట్టుకు పోయేవాణ్ణి. నాకు కంఠతా వచ్చిన పాఠాలే పెట్టుకుంటాంటి. మాట ముందే తెలుసు, అది పుటలో యాడ దాక్కోనుందో కనిపెట్టాల, అంతే! తప్పిపోయిన గొర్రెను అడుగు చూసి పట్టినట్టు ఒక్కొక్క అక్షరాన్ని పట్టినా. "దే" దొరికింది. "వు" దొరికింది. ఆ దినం గట్టు మీద ఒక్కణ్ణే అరిచినా. పక్క చేనోడు పాము కరిచిందేమో అని కట్టె తీసుకొని పరిగెత్తుకొచ్చినాడు.

ఎనిమిది నెలలకు తడుముకుంటా చదివేంత వచ్చింది. అప్పుడు ఆ మడిచిన మూల గుర్తొచ్చింది. మర్చిపోయిందెప్పుడు?

తెరిచినా. ఏముండాది అనుకుంటాండావు? గుడారం! దేవునికి కట్టే గుడారానికి తెరలు ఎన్ని, పొడవెంత, గుండీలు దూర్చే నీలం కొలుకులు ఎన్ని, వాటిని కలిపే బంగారు గుండీలు ఎన్ని. పరదేశి మాటే లేదు. పది తరాలు లేవు. ఒక గుడ్డను ఇంకో గుడ్డతో కలిపే పని రాసిన పుట మీద వేలు పెట్టి, ఒక మనిషిని బయటికి తోసినా నేను.

అంతటితో అయిపోతే బాగుండు. చిన్నది చదువుదామని నాలుగే అధ్యాయాలున్న కథ పట్టుకున్నా, అదీ పాత నిబంధనలోదే. శాంతమ్మ ఎప్పుడూ వినిపించలేదు, మా పాఠాల్లో అది రాలేదు. కరువుకు ఊరిడిచిన కుటుంబం. మొగుడు పోయినాడు, కొడుకులు పోయినారు. పొమ్మన్నా పోని కోడలు. ఆమె కోతకోళ్ళ వెనక గింజలు ఏరుకుంది. వేలు వెనక్కి జరిపి అదే వరస మళ్ళా చదివినా. ఆమె ఏ దేశం? మోయాబు! అదే మోయాబు! ఆమెను తోసేయలేదు. కలుపుకున్నారు. దావీదు రాజుకు ముత్తవ్వ అయింది. ఏసు పుట్టింది ఆ వంశంలోనే గదా!

ఆ పొద్దు అన్నం తినలేదు. భయం ఒక పక్క, సంతోషం ఒక పక్క. ఒకే పుస్తకంలో ఒక పుట రావద్దంటాది, ఇంకో పుట వచ్చి కూర్చోమంటాది. పాత నిబంధన తనతో తానే వాదులాడుకుంటాంది, మన పెద్దలు రచ్చకట్ట మీద వాదులాడుకున్నట్టు! ఇంత పెద్ద సంగతిని నేను యాభై ఏండ్లు చంకలో పెట్టుకొని తిరిగినా, తెరవకుండా. నీడ అన్న అయ్యగారిది నిజమా, చట్టమన్న బోధకునిదా, కాలం చూడమన్న పంతులుదా, ఈ పొద్దుకీ నేను తేల్చలేను. చదివి తప్పుగా అర్థం చేసుకున్నోనికి ఏదో ఒక సమాధానం ఉంటుంది. నేను చదవనేలేదు. నాది తప్పు అర్థం కాదు. నాది అబద్ధం.

ఎండాకాలానికి ముందు మార్తమ్మ పోయింది. అప్పటికే నాకు అంతా తెలుసు. తెలిసీ నాలుగు నెలలు నోరు తెరవలేదు. ఇది మొదటిదానికంటే పెద్ద తప్పేమో. మట్టి చేసినాక మంజుల రావడం మానేసింది. బండ ఖాళీ. ఖాళీ బండ ఇంకా బరువు.

నిన్న పొద్దున్నే పుస్తకం చంకలో పెట్టుకొని పోయినా. వాకిట్లో విత్తనం కాయలు ఒలుస్తాంది. తలలో తెల్ల వెంట్రుకలు.  మడత మూల తెరిచి చదవడం మొదలుపెట్టినా, బిడ్డ మాదిరి, ఒక్కొక్క అక్షరం. తెరలు, కొలుకులు, పొడవు, వెడల్పు. ఆమె చేయి ఆగలేదు. కాయ చిట్లుతాంది, గింజ పడుతాంది. అయిపోయి తలెత్తినా.

"ఒక వరస దాటేసినావు మామా," అనింది. "యాభై బంగారు గుండీలు యాడ పోయినాయి?"

పద్దెనిమిదేండ్లు! ఆమె ఆ వరస మర్చిపోలేదు.

తప్పయిందమ్మా అన్నా. ఆదివారం లోపలికి రమ్మన్నా. ఆమె చాటలో గింజలు చెరిగింది. "మా అత్త ఉన్నప్పుడు పిలిచింటే వస్తాంటి," అనింది.  రానంటుందా, వస్తుందా, నాకు తెల్దు. క్షమించిందని నువ్వు అనుకోవద్దు. నేనూ అనుకోవడం లేదు.

ఇది నేను చేత్తో రాసిన మొదటి కాగితం. అక్షరాలు గొర్రెల మంద మాదిరి చెదిరిండాయి. రేపు ఆదివారం పాఠానికి ముందు దీన్నే చదువుతా, అందరి ముందర. ఆ కుర్చీ పోతే పోనీ.

నిన్న తిరిగొచ్చే ముందు మంజుల ఇంటి వాకిట్లోనే నిలబడి, ఇడిచిన ఆ వరస మళ్ళా చదివినా. యాభై గుండీలు. ఈసారి దాటలేదు.