పిన్ని పాఠం

పిచ్చుక అసలు పేరు ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. పదేళ్ళ పిల్ల, మనిషి గుప్పెడంత ఉంటుంది కాబట్టి పిచ్చుక అన్నారు, అదే ఖాయమైపోయింది. మూడో అంతస్తులో టీచరమ్మ ఇల్లు. తెల్లారకముందు అంట్లతో మొదలై అందరూ పడుకున్నాక గచ్చు కడగడంతో ముగిసేది పని. అమ్మ పక్కలో పడుకోవాలని ఏడిస్తే బాత్రూంలో పెట్టి గడియ వేసేవారు. దాన్ని అక్కడ కుదిర్చినవాడు సొంత మేనమామ. వాణ్ణి ఏమనాలో నోటిదాకా వస్తోంది గానీ, రాయను.

పనిపిల్లల కోసం ఆఫీసర్లు ఇంటింటికీ తిరుగుతున్నారని తెలిసి టీచరమ్మ కొత్త పాఠం మొదలుపెట్టింది.

"ఎవరైనా అడిగితే నేను నీకేమవుతాను?"

"పిన్ని."

"ఎందుకొచ్చావిక్కడికి?"

"చదువుకోడానికి."

పాఠం బాగా వంటబట్టింది. మర్నాడు పిచ్చుక వంటింట్లోంచి, "పిన్నీ, పాలు పొంగాయి!" అని కేకేసింది. చెంప ఛెళ్లుమంది.

"ఎవర్తే నీకు పిన్ని? నెత్తికెక్కుతున్నావా?"

పొంగిన పాలకి ఇంకోటి పడింది. అలా వారంలో ఎన్నిసార్లు నోరు జారిందో అన్నిసార్లూ తన్నులే. చదువు చెప్పడం ఆవిడ వృత్తి మరి.

ఆఫీసరమ్మ రానే వచ్చింది. పిచ్చుకని సోఫాలో తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఈవిడ నీకేమవుతారమ్మా?"

చెప్పమని టీచరమ్మ కళ్ళు ఉరుముతున్నాయి. పిచ్చుక రెండు చేతులూ చెంపలకి అడ్డం పెట్టుకుని, "అమ్మగారు" అంది.

సాయంత్రానికల్లా దాన్ని ఇంటికి చేర్చారు. బళ్లో వెయ్యమని ఆఫీసరమ్మ చెబితే వాళ్ళమ్మ బుద్ధిగా తలూపింది. జీపు సందు మలుపు తిరిగిందో లేదో మేనమామ ఊడిపడ్డాడు.

"కొంప ముంచిందక్కా నీ కూతురు! ఆఫీసర్ల కన్ను పడింది, ఇంక దీన్నెవరూ పెట్టుకోరు. టీచరమ్మ చెల్లెలికీ పనిపిల్ల కావాలట. చిన్నదాన్ని పంపు."

"దానికింకా ఏడేళ్ళేరా!"

"అయితే ఏంటి? చిన్నపిల్లలైతే చెప్పినట్టు వింటారు."

తమ్ముడి మాట కాదనడం ఆవిడకి చేతకాదు. కాసేపు ఏడ్చింది, తర్వాత చిన్నదానికి గౌను మార్చింది. కొత్త చోటికి వెళ్తున్నానని ఆ పిల్ల సంబరంగా మామయ్య వేలు పట్టుకుంది. పిచ్చుక గడపకి అడ్డం నిలబడింది. మామయ్య దాన్ని మోచేత్తో పక్కకి నెట్టేశాడు.

ఆ రాత్రి పిచ్చుక అమ్మ పక్కలోనే పడుకుంది, చెల్లి పడుకునే వైపు.